అంకెకు అతిశయోక్తి తగునా?

కావ్యంలో అతిశయోక్తి అలంకారం. అదే అతిశయోక్తి సరుకు పెట్టె మీదికి ఎక్కితే దానిని ఏమని పిలవాలి? ఈ ప్రశ్న నేడు అలంకారశాస్త్రం చదివినవారికి మాత్రమే సంబంధించినది కాదు. రాత్రివేళ పొలానికి పోయే రైతుకూ, కరెంటు పోయినా పుస్తకం మూయని విద్యార్థికీ కూడ ఇది సొంత ప్రశ్న అయి కూర్చున్నది.

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు చేరువనున్న రెజిమెంటల్ బజార్ వంటి చోట్ల, రైలు దిగి ఊళ్ళకు పోయేవారు ఆగి చిల్లర సరుకులు కొనటం సహజం. అట్టి సరుకులలో ఎల్.ఇ.డి. టార్చిలైటు ఒకటి. దాని పెట్టె మీద పెద్ద అక్షరాలతో "1,00,000 ల్యూమెన్లు" అని ఉంటుంది. పక్కనే "2 కిలోమీటర్ల దూరం", ఆ కిందనే "9,900 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ" అని ఉంటుంది. వెల కొన్ని వందల రూపాయలు. లక్ష అన్న అంకె ముందు ఆ వెల ఏపాటిదని కొనేవాడు మురిసిపోతాడు.

ఈ విషయం చిన్నదని తోసివేయవచ్చును. కాని ఆ బజారు పేరును ఒక్కసారి తలచుకొంటే చిన్నదిగా తోచదు. 1798 నాటి ఒడంబడిక ప్రకారం నిజాము రాజ్యంలో నిలిచిన ఆంగ్ల సైన్యానికి హుస్సేన్ సాగరానికి ఉత్తరాన దండు వెలసింది. ఆ దండు ఊరికి 1806 లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అన్న పేరు వచ్చినది. పటాలానికి కావలసిన బియ్యం, పప్పు, గడ్డి, నూనె సమకూర్చటానికి పుట్టినవి ఈ పటాలపు బజారులు. కొలత సరిగా లేని బజారుతో పటాలం నడవదు. మానిక, సోల, శేరు, తులము మన ప్రాంతంలో ఊరికొక తీరున చెల్లిన రోజులు పోయి, 1956 నాటి చట్టం వల్ల 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దేశంలో అమలుకు రావటం మొదలైనది. కిలో అంటే ఆదిలాబాదులోను, అనంతపురంలోను ఒకటే అన్న నమ్మకం ఇంత ప్రయాసతో సంపాదించుకొన్నది. టార్చిలైటు పెట్టె మీది లక్ష ఆ నమ్మకాన్ని పెట్టుబడిగా వాడుకొంటున్నది.

ఉన్నదానిని ఉన్నదానికంటె ఎక్కువచేసి చెప్పటం అతిశయోక్తి అని మన విద్యార్థులు ఉన్నత పాఠశాల దాటకముందే నేర్చుకొంటారు. అప్పయ్య దీక్షితులు తమ కువలయానందంలో ఈ అలంకారాన్ని విభాగిస్తూ, సంబంధం లేనిచోట సంబంధం కల్పించి చెప్పటాన్ని సంబంధాతిశయోక్తి అన్నారు. నగరంలోని మేడలు చంద్రుణ్ణి తాకుతున్నవని కవి అంటే ఎవరూ నిచ్చెన తెచ్చి కొలవబోరు. మేడ చంద్రుణ్ణి తాకదని కవికి తెలుసు, శ్రోతకూ తెలుసు. ఇద్దరికీ తెలిసి ఉండటంలోనే ఆ ఉక్తికి సొగసు వచ్చినది. పెట్టె మీది అంకెకు ఈ ఉభయ సమ్మతి లేదు. అచ్చువేసినవాడికి నిజం తెలుసు, కొనేవాడికి తెలియదు. సమ్మతి తొలగిపోగానే అలంకారం కూడ తొలగిపోయి, మిగిలేది అబద్ధం ఒక్కటే.

మన వాడుకలో "లక్ష" అన్న మాటకు రెండు బతుకులు ఉన్నవి. "నీకు లక్షసార్లు చెప్పాను" అని తల్లి కొడుకును కోప్పడితే ఆ లక్షకు లెక్క అడిగేవారు లేరు. అప్పుపత్రంలో "లక్ష రూపాయలు" అని వ్రాస్తే ఒక్క రూపాయి తగ్గినా తగవే. ఒక మాట ఏ కోవకు చెందినదో దాని వెనుక నిలిచే ప్రమాణం చెబుతుంది. రూపాయి, కిలో, మీటరు, ల్యూమెన్ అన్నవి ప్రమాణాలు. వాటిలో ఏ ఒక్కదానిని తగిలించినా అంకె అప్పుపత్రపు భాష మాట్లాడుతున్నట్లే లెక్క. టార్చిలైటు పెట్టె మీది లక్ష తల్లి కోపంలోని లక్ష. వేసుకొన్నది మాత్రం అప్పుపత్రపు వేషం.

ఆ వేషం విప్పటానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. పదవ తరగతి గుణకారం చాలును. ఒక దీపం నుంచి అన్ని దిక్కులకు వెలువడే మొత్తం వెలుగుకు కొలత ల్యూమెన్. మన ఇళ్ళలో వెలిగే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇంచుమించు 800 నుంచి 900 ల్యూమెన్లు ఇస్తుంది. ఆ లెక్కన లక్ష ల్యూమెన్లంటే నూటికి పైగా బల్బులు ఒక్కసారి వెలిగినట్లు. పెళ్ళిపందిరి దీపాలన్నీ పిడికిట్లో పట్టుకొన్నానని చెప్పినట్లున్నది.

ఇక ఆ వెలుగుకు కావలసిన విద్యుత్తు ఎంత? మంచి తెల్ల ఎల్.ఇ.డి. ఒక్క వాటు తీసుకొని 100 నుంచి 200 ల్యూమెన్ల దాకా ఇవ్వగలదు. అమ్మేవానికి అనుకూలంగా 200 అనే అనుకొందాం. లక్షకు 500 వాట్లు కావలెను. ఇట్టి టార్చిలలో సాధారణంగా ఉండేది 18650 అన్న పేరుగల లిథియం అయాన్ ఘటం. 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు అన్న దాని కొలతలే ఆ పేరులో దాగి ఉన్నవి. ఎంత మేలైన కర్మాగారంలో తయారైనా అట్టి ఘటపు సామర్థ్యం 3,500 మిల్లీ ఆంపియర్ గంటల ప్రాంతంలోనే ఉంటుంది. దాని వోల్టేజి 3.6. రెంటినీ గుణిస్తే 12.6 వాట్ గంటలు. దానితో 500 వాట్లు నడపబోతే ఒకటిన్నర నిమిషంలో ఘటం ఖాళీ కావలెను. ఆ కాసేపూ 139 ఆంపియర్ల ప్రవాహం సాగవలెను. ఆ జాతి ఘటాలలో బలమైనవి కూడ 20, 30 ఆంపియర్లకు మించి భరించలేవు.

వేడి సంగతి కూడ చూడవలసి ఉన్నది. 500 వాట్లలో చాలా భాగం వేడిగా మారక తప్పదు. 150 గ్రాముల అల్యూమినియం గొట్టంలో 250 వాట్ల వేడి పుడితే సెకనుకు ఇంచుమించు రెండు డిగ్రీల చొప్పున అది కాలిపోతూ వస్తుంది. అరనిమిషం గడవకముందే చేయి వదలివేయక తప్పదు. కొన్న టార్చి అరగంట వెలిగినా చల్లగానే ఉన్నదంటే అందులో ప్రవహించే విద్యుత్తు కొద్ది వాట్లేనని, వెలుగు కొన్ని వందల ల్యూమెన్లేనని అదే సాక్ష్యం చెబుతున్నది.

9,900 అన్న అంకె సంగతి ఇంతకు ముందే తేలిపోయినది. అదే పరిమాణపు ఘటంలో మేలైనదానికే 3,500 ప్రాంతం హద్దు అయినప్పుడు, దానికి దాదాపు మూడింతలు చవుక ఘటంలో పట్టవు. మేలైన ఘటం 45 నుంచి 50 గ్రాముల దాకా తూగుతుంది. చేతికి మరీ తేలికగా తోచే ఘటంలో సరుకు తక్కువని గ్రహించవలెను. పైన పటారం, లోన లొటారం అన్న సామెతను తక్కెడలో వేసి నిరూపించే అవకాశం ఇంత సులభంగా మరొకచోట దొరకదు.

రెండు కిలోమీటర్ల మాటకు మరొక లెక్క. టార్చి తయారీదారులు కూడి రూపొందించిన ఎఫ్.ఎల్.1 అన్న అమెరికా ప్రమాణం 2009 లో వెలువడినది. దాని ప్రకారం కిరణపు దూరమంటే, ఆ వెలుగు పావు లక్సుకు తగ్గే చోటు. పావు లక్సంటే నిండు పున్నమి వెన్నెల పాటి వెలుగు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగవ వంతుకు పడిపోతుంది. కనుక 100 మీటర్ల దూరానికి 2,500 క్యాండెలాల తీవ్రత చాలితే, 2 కిలోమీటర్లకు పది లక్షల క్యాండెలాలు కావలెను. అంత తీవ్రత పెద్ద పరావర్తకం గల ప్రత్యేకమైన దీపాలకే సాధ్యం. పోనీ, సాధ్యమైనదే అనుకొందాం. రెండు కిలోమీటర్ల అవతల నిలిచిన మనిషి, చేయి చాచిన దూరంలో పెట్టిన అర మిల్లీమీటరు గీతంత మాత్రమే కనిపిస్తాడు. వెన్నెల వెలుగులో ఆ గీత ఎవరికి గోచరిస్తుంది? దూరపు కొండలు నునుపన్నారు. దూరపు అంకెలు అంతకంటె నునుపు.

ఇన్ని లెక్కలుండగా కొనేవాడు ఎట్లు మోసపోతున్నాడు? దుకాణం ముందు జరిగే పరీక్షలోనే లోపమున్నది. టార్చి ముందరి కటకాన్ని జరిపి వెలుగునంతా చిన్న చదరంగా కూర్చి ఎదుటి గోడ మీద వేస్తారు. ఆ చదరం కళ్ళు జిగేలుమనిపిస్తుంది. అది ఒకచోటికి చేర్చిన తీవ్రత మాత్రమే. మొత్తం వెలుగు ఎంతో, ఎంతసేపు నిలుస్తుందో అది చెప్పదు. చవుక దీపాలు వెలిగించిన క్షణంలో ప్రకాశించి, క్రమంగా వాడిపోతవి. అందువల్లనే ఎఫ్.ఎల్.1 ప్రమాణం వెలిగించిన 30 సెకన్ల తర్వాత, రెండు నిమిషాల లోపుగా వెలుగును కొలవమన్నది. మొదటి వెలుగులో పదవ వంతుకు తగ్గేదాకా పట్టిన కాలాన్ని వెలిగే కాలంగా చెప్పమన్నది. రెండు నిమిషాలు ఓపిక పట్టటమే ఆ శాస్త్రంలోని సారం.

ఈ మాయకు వెనుక ఒక నిజమైన విజయం కూడ ఉన్నది. నీలికాంతి ఎల్.ఇ.డి. ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అన్న శాస్త్రజ్ఞులు 2014 లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. మన దేశంలో 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం ఎల్.ఇ.డి. బల్బును పూరింటికి కూడ చేర్చినది. పాత తీగె బల్బు టార్చికంటె నేటి చవుక టార్చి కూడ మెరుగే. మూడు వందల ల్యూమెన్లు చీకటిలో నడిచేవానికి తక్కువేమీ కాదు. నిజం చెప్పి అమ్ముకోదగిన సరుకుకు అబద్ధం తగిలించటమే ఇందులోని విచారం.

ఆ అబద్ధం ఎందుకు పెరుగుతున్నదో అర్థశాస్త్రం చెబుతున్నది. 1970 లో జార్జి ఎకర్లాఫ్ అన్న అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకొని ఒక వ్యాసం వ్రాశాడు. సరుకు గుణం అమ్మేవానికి తెలిసి, కొనేవానికి తెలియనప్పుడు మంచి సరుకు బజారు నుంచి తప్పుకొంటుందని అందులోని సారాంశం. ఆ కృషికి 2001 లో ఆయన నోబెల్ బహుమతి పంచుకొన్నాడు. దీనిని మన బల్ల మీదికి తెచ్చి చూద్దాం. ఒక పెట్టె మీద నిజాయితీగా 300 అని ఉన్నది. పక్క పెట్టె మీద లక్ష అని ఉన్నది. వెల రెంటికీ ఒక్కటే. మూడు వందలు చెప్పినవానిని ఎవరు పలకరిస్తారు? వాడు కొట్టు మూసుకోవలెను, లేదా తానూ ఒక లక్ష అచ్చువేయించవలెను. మరుసటి సంవత్సరం లక్షలందరి నడుమ ముందు నిలవటానికి ఒకడు పది లక్షలంటాడు. కాలిబాట మీద అమ్ముకొనే చిన్న వర్తకుడు ఆ పెట్టెను అచ్చువేయలేదు. అతడు కూడ ఆ అంకెను నమ్మి కొన్నవాడే కావచ్చును.

ఇట్టి జబ్బు కొత్తది కాదు. టేపురికార్డర్లు, స్పీకర్లు ఇల్లిల్లూ చేరిన రోజులలో పి.ఎం.పి.ఒ. అన్న నాలుగక్షరాల పక్కన వేల వాట్లు వ్రాసి అమ్మిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అది క్షణకాలపు ఊహా శిఖరం. చెవికి నిలకడగా వినిపించే శక్తి అందులో చిన్న పాలు. అమెరికాలో ఇట్టి వాట్ల పోటీ ముదిరినప్పుడు అక్కడి ప్రభుత్వ వాణిజ్య సంఘం 1974 లో ఒక నియమం చేసినది. యాంప్లిఫయరు శక్తిని చెప్పేవారు నిలకడగా ఇచ్చే శక్తిని, నిర్ణీత పద్ధతిలో కొలిచి చెప్పవలెనన్నది ఆ నియమం. అంకెను ఎట్లు కొలిచారో చెప్పమన్నంతనే అంకెకు నడవడి వస్తుంది.

నష్టం కొన్ని వందల రూపాయలతో ముగిస్తే ఇంతగా చెప్పుకోవలసిన పని లేదు. చేతిదీపం మన పల్లెలలో ప్రాణరక్షణ సాధనం. 2020 లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో మరణించినవారు 12 లక్షల మంది. సగటున ఏటా 58 వేలు. ఆ మరణాలు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల వరుసలో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడ ఉన్నది. మోటారు వేయటానికి గట్టు మీద నడిచే రైతుకు రెండు కిలోమీటర్ల అవతలి చెట్టుతో పని లేదు. రెండు అడుగుల ముందున్న నేల కనిపించవలెను. ఇల్లు చేరేదాకా దీపం నిలవవలెను. 9,900 అన్న అంకెను నమ్మి రాత్రంతా వెలుగుతుందని బయలుదేరినవాడికి నడిదారిలో దీపం ఆరిపోతే, ఆ అంకె అచ్చువేసినవాడు దారి చూపటానికి రాడు.

చట్టం ఏమంటున్నది? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రకటన అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో లేబులు, పైచుట్టు కూడ చేరి ఉన్నవి. సరుకును అబద్ధంగా వర్ణించే ప్రకటన తప్పుదారి పట్టించే ప్రకటన అవుతుంది. కనుక పెట్టె మీది లక్ష కూడ ఆ చట్టం కంటికి ప్రకటనే. 2020 లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అట్టి ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చును. 5 లక్షల లోపు వెల గల సరుకును గురించి జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయటానికి రుసుము లేదు. 1915 అన్న జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసి చెప్పుకోవచ్చును. ప్యాకేజి సరుకుల నియమాల ప్రకారం పెట్టె మీద తయారుచేసినవారిదో, దిగుమతి చేసినవారిదో పేరు, చిరునామా ఉండి తీరవలెను. లక్ష ల్యూమెన్ల పెట్టెను తిప్పి ముందు ఆ చిరునామాను వెదకవలెను. అంకెకు పూచీ పడేవాడి పేరు లేని పెట్టె సంతకం లేని అప్పుపత్రం.

అయినా చట్టంలో ఒక వెలితి కనిపిస్తున్నది. ఉల్లిపాయలలో యాభై గ్రాములు తగ్గితే తక్కెడ పట్టి చూపుతుంది. ఇంటి ఎల్.ఇ.డి. బల్బుకు వాటుకు ఎన్ని ల్యూమెన్లో బట్టి నక్షత్రాలు ఇచ్చే విధానమున్నది. చేతిదీపానికి అట్టి నక్షత్రపు గుర్తు లేదు. వెలుగు ప్రమాణాలను భద్రపరచే జాతీయ భౌతిక ప్రయోగశాల ఢిల్లీలో ఉన్నది. కొలవగల విద్య మన దేశంలో ఉన్నదన్నమాట. టార్చి పెట్టె మీద ల్యూమెన్ అని వ్రాసేవారు వెలిగించిన ఎంతసేపటికి కొలిచారో, దీపం ఎంతసేపు వెలుగుతుందో కూడ వ్రాయవలెనన్న ఒక్క నియమం చేస్తే లక్షల పోటీ చాలావరకు అణగిపోతుంది.

ఆ నియమం వచ్చేలోగా పాఠశాల చేయగలిగిన పని ఒకటి ఉన్నది. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు చీకటి గదిలో టార్చిని తెల్లటి పైకప్పు వైపు తిప్పి నిలిపి, కిరణం సూటిగా పడని చోట ఫోనులోని వెలుగుకొలత సాధనాన్ని ఉంచి అంకె చూపవచ్చును. తర్వాత అదే చోట ఇంటి బల్బును వెలిగించి పోల్చవచ్చును. ఈ పోలిక స్థూలమైనదే. మూడు వందలకూ, నాలుగు వందలకూ తేడా ఇది తేల్చలేదు. మూడు వందలకూ, లక్షకూ తేడా తేల్చటానికి ధారాళంగా సరిపోతుంది. అరగంటకొకసారి కొలిచి పలక మీద గుర్తిస్తే వెలుగు వాడిపోయే తీరు విద్యార్థులకు రేఖాచిత్రమై కనిపిస్తుంది.

మరునాడు అదే పెట్టె తెలుగు తరగతికి రావలెను. అతిశయోక్తికి ఎదురుగా మన ఆలంకారికులు స్వభావోక్తిని కూడ చెప్పి ఉన్నారు: వస్తువును ఉన్నదున్నట్లు, కళ్ళకు కట్టేటట్లు చెప్పటం. పెట్టె మీది మాటలను స్వభావోక్తిలోకి మార్చి వ్రాయమని విద్యార్థులకు అభ్యాసం ఇవ్వవచ్చును. ముందటి రోజు కొలత చేతిలో ఉన్న పిల్లవాడు ఇట్లు వ్రాయగలడు: "ఇందులో ఒక ఘటం ఉన్నది. వెలుగు ఇంచుమించు 300 ల్యూమెన్లు. వెలిగించిన అరనిమిషం తర్వాత కొలిచినది. రెండు గంటలు వెలుగుతుంది." ఈ నాలుగు వాక్యాలలో మెరుపు లేదు. అయితే పొలానికి పోయి రావటానికి ఎంతసేపు పడుతుందో రైతుకు తెలుసు. ఈ వాక్యాలు చదివితే ఆ దీపాన్ని నమ్మి బయలుదేరవచ్చునో లేదో అతడే తేల్చుకోగలడు.